‘సాయం’ అనే మాట: తొలినాటి రేడియోలో ఒక ఇంజనీరు



సాంకేతిక రంగాల్లో స్త్రీల గురించి మాట్లాడినప్పుడల్లా మనం “ఎందుకు రాలేకపోయారు?” అనే ప్రశ్నతో మొదలుపెడతాం. ఈరోజు నేను ఇంకో ప్రశ్న వేస్తాను. వచ్చినవాళ్లు ఏమయ్యారు? దీనికి జవాబు వెతకడానికి ఒకే ఒక మనిషి జీవితాన్ని తీసుకుంటున్నాను. ఆమె పేరు నోరా స్టాంటన్ బ్లాచ్. రేడియో ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లో, తీగ లేకుండా గొంతును గాలిలోకి పంపే ప్రయోగాలు న్యూయార్కులో జరుగుతున్నప్పుడు, వాటి మధ్య పనిచేసిన ఇంజనీరు.

రేడియో చరిత్ర పుస్తకాలు తిరగేస్తే మనకు ఎదురయ్యేది ఆమె భర్త లీ డి ఫారెస్ట్ పేరు. ఆడియాన్ అనే ట్యూబును తయారుచేసినవాడు. 1950లో వచ్చిన తన ఆత్మకథకు ‘రేడియో పిత’ అనే అర్థం వచ్చే పేరు తనే పెట్టుకున్నాడు. ఇటువంటి చరిత్రల్లో నోరా ప్రస్తావన వస్తే గిస్తే, భర్తకు సాయం చేసిందని వస్తుంది. ఈ ‘సాయం’ అనే మాట మనకు బాగా తెలిసిందే. మగ్గం మీద కూర్చున్న ఆయన నేత కార్మికుడు. తెల్లవారుజాము నుంచి కండెలు చుట్టి, ఆసు పోసి ఇచ్చిన ఆమె మాత్రం ‘ఇంట్లో సాయం చేస్తుంది’.

నోరా ఎవరో కొంచెం చెప్పాలి. 1883లో ఇంగ్లండులో పుట్టింది. అమ్మమ్మ ఎలిజబెత్ కేడీ స్టాంటన్, 1848 సెనెకా ఫాల్స్ మహాసభ నిర్వాహకుల్లో ఒకరు. తల్లి హారియట్ 1907లో న్యూయార్కులో, సొంత సంపాదన మీద బతికే స్త్రీలను కూడగట్టి ఓటు హక్కు కోసం సంఘం పెట్టిన మనిషి. నోరా 1905లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి సివిల్ ఇంజనీరింగులో పట్టా తీసుకుంది. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి స్త్రీ ఆమే. ఇసుక కలిసిన నీరు గొట్టాల్లో ఎలా ప్రవహిస్తుందో ఆమె చేసిన ప్రయోగాల ఫలితాలను అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం 1906లో తన సంపుటంలో అచ్చువేసింది. ఈ సంఘం మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఒక వంతెనల కంపెనీలోనూ, న్యూయార్కు నగర నీటి సరఫరా బోర్డులోనూ ఉద్యోగాలు చేసిన తరువాత ఆమె రేడియో వైపు వచ్చింది. డి ఫారెస్ట్ పనిలో భాగం పంచుకోవడానికి కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ ప్యూపిన్ దగ్గర విద్యుత్తు, గణితం చదువుకుంది. పెళ్లి కోసం పనిగట్టుకుని విద్యుచ్ఛాస్త్రం నేర్చుకున్న ఆడపిల్లలు ఎందరుంటారు!

అప్పటి సాంకేతిక సమస్య ఏమిటంటే, నిప్పురవ్వలతో పనిచేసే ట్రాన్స్‌మిటర్లు చుక్కలూ గీతలూ పంపగలవు గానీ గొంతును మోయలేవు. గొంతుకు ఎడతెగని తరంగం కావాలి. డి ఫారెస్ట్ దాన్ని విద్యుత్ ఆర్క్ నుంచి తీశాడు. ఆర్క్ బుసకొడుతుంది. ప్రసారానికి వెళ్లే కరెంటంతా మైక్రోఫోను గుండానే పోతుంది గనుక అది వేడెక్కిపోతుంది. అసలు ఆర్క్ ఎందుకు బుసకొడుతుందో వివరించింది కూడా ఒక స్త్రీయే, ఇంగ్లండులో హెర్తా అయర్టన్. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1899లో ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. రాయల్ సొసైటీ మాత్రం 1902లో, పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదంటూ కాదంది.

నోరా, డి ఫారెస్ట్‌లకు 1908లో పెళ్లయింది. కొత్త దంపతులు యూరప్ వెళ్లి పారిస్‌లో ఈఫిల్ టవర్ మీది నుంచి గ్రామఫోను సంగీతం ప్రసారం చేసి చూపించారు. తిరిగొచ్చాక ఆమె ప్రయోగశాలలోనూ, కంపెనీల నిర్వహణలోనూ పనిచేసింది. 1909లో తల్లి హారియట్ ఈ రేడియో టెలిఫోను మీదనే స్త్రీల ఓటు హక్కు గురించి మాట్లాడింది. నాకు ఈ విషయం పారిస్ కన్నా ముఖ్యం. సంగీతం, వార్తలు, ప్రకటనలు, వీటన్నిటికీ రేడియో అలవాటు పడకముందే దాని మీద స్త్రీలు ఓటు అడిగారు. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లోని కె.డి.కె.ఎ. స్టేషను అధ్యక్ష ఎన్నికల ఫలితాలు ప్రసారం చేసింది. అమెరికా అంతటా స్త్రీలకు ఓటు వచ్చాక జరిగిన మొదటి అధ్యక్ష ఎన్నిక అదే.

అప్పటికి నోరా రేడియోలో లేదు. 1909 జూన్‌లో కూతురు పుట్టింది. ఆమె పని మానేసి ఇల్లు చూసుకోవాలని భర్త పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ ఏడాదే విడిపోయారు. ఆమె ఒక ఉక్కు నిర్మాణాల కంపెనీలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరింది. భార్య ఉద్యోగమే సంసారాన్ని పాడుచేసిందని డి ఫారెస్ట్ పత్రికలతో చెప్పాడు. కార్యక్షేత్రం భర్తదైనప్పుడు పెళ్లి విడిపోతే స్త్రీకి పోయేది ఇల్లు ఒక్కటే కాదు, వృత్తి కూడా. భర్త వాటాగా ఉన్న పొలంలోనో, దుకాణంలోనో ఇరవై ఏళ్లు చాకిరీ చేసి, చేతులు దులుపుకుని పుట్టింటికి వచ్చిన ఆడవాళ్ల కేసులు చూసిన మీకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 1910 జనవరిలో డి ఫారెస్ట్ మెట్రోపాలిటన్ ఒపేరా నుంచి కరూసో పాటను ప్రసారం చేశాడు. పాఠ్యపుస్తకాలు అక్కడి నుంచి సాగిపోతాయి.

నోరా సివిల్ ఇంజనీరింగుకు తిరిగి వెళ్లింది కదా, అక్కడ ఏమైంది? ఆమె ప్రయోగాలను అచ్చువేసిన ఆ సంఘంలో ఆమె జూనియర్ సభ్యురాలు. జూనియర్‌గా ఉండటానికి వయోపరిమితి ఉంది. అది దాటుతుండగా పై సభ్యత్వానికి దరఖాస్తు చేస్తే ఇవ్వలేదు. 1916లో కోర్టుకెక్కింది, ఓడిపోయింది. ఆ సభ్యత్వం మొదటిసారి ఒక స్త్రీకి, ఎల్సీ ఈవ్స్‌కు, 1927లో దక్కింది. నోరాను 2015లో ఫెలోగా గౌరవించారు. ఆమె చనిపోయింది 1971లో.

మధ్యకాలమంతా ఊరుకోలేదు. గుర్రమెక్కి ఊరూరా ఓటు హక్కు ప్రచారం చేసింది, ఇళ్లు కట్టించింది, 1946లో స్త్రీలు కూడా మనుషులేనంటూ ఒక కరపత్రం రాసింది. 1950లో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ఆమె మీద దృష్టి పెట్టింది.

ఇంతకుముందు చెప్పిన లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో 1953లో అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా చేరినవారిలో మన తెలుగావిడ ఉంది, అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చేతిలో నెలల పిల్లతో ఉన్న లలిత మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. 1943లో ఆమెకిచ్చిన సర్టిఫికెట్‌లో ‘అతడు’ అని అచ్చయిన చోట కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సి వచ్చింది. తరువాత కలకత్తాలో విద్యుత్ సరఫరా లైన్ల డిజైన్లు చేసింది. ఆమె తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసరు. కూతురి పనిని ఆయన తన ఖాతాలో వేసుకోలేదు. తండ్రి ద్వారా వచ్చిన అవకాశానికీ, భర్త ద్వారా వచ్చిన అవకాశానికీ ఉన్న తేడాను మనం ఇంకా సరిగా పరిశీలించలేదనిపిస్తుంది. చర్చలో దాన్నే తీసుకుందాం. నాకిచ్చిన సమయం అయిపోయింది.