పచ్చడి మనదే, పళ్లెం కూడా మనదే



ఇంట్లో అందరూ తిన్నాక మనకు మిగిలేది అన్నం, పచ్చడి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో పెద్దవాళ్లకు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు ఉండాలంది. మన పళ్లెంలో ఎన్ని ఉంటున్నాయి? అందుకే ఈసారి మీటింగులో సలాడ్ చేసి చూపించాం. థాయిలాండ్ వాళ్లు పచ్చి బొప్పాయి తురుములో పల్లీలు, నిమ్మరసం, మిరపకాయ వేసి సోమ్ తమ్ చేస్తారు. అవన్నీ మన మార్కాపురం, గిద్దలూరు సంతల్లో దొరికేవే.

పావుకిలో క్యాబేజీ, రెండు క్యారెట్లు, ఒక కీరదోస సన్నగా తరిగాం. గుప్పెడు పల్లీలు దోరగా వేయించి, రెండు ఎండుమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, బెల్లం, ఉప్పు వేసి నూరాం. నిమ్మకాయ పిండి, నీళ్లతో జారుగా చేశాం. మన పల్లీ పచ్చడే, కొంచెం పల్చన! తినే ముందే కలపాలి. లేకుంటే నీరుకారి కరకర పోతుంది.

జాగ్రత్తలు చెబుతాం. బూజు పట్టిన పల్లీలు పారేయండి. ఆ విషం వేయించినా పూర్తిగా పోదు. మన పడమటి ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పచ్చడిలో శుద్ధి చేసిన తాగునీళ్లే పోయండి. గర్భిణులకు పచ్చి బొప్పాయి వద్దు.

నిమ్మరసంలోని సి విటమిన్ ఆకుకూర, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. రక్తం తక్కువున్న మనకు అది కావాలి. అన్నం తిన్న వెంటనే టీ మానుకుందాం.

చివరగా ఒక్క మాట. చేసిన రోజు మిగిలితే తిందామనుకోవద్దు. అందరితో పాటే కూర్చుందాం, మన పళ్లెంలోనూ వడ్డించుకుందాం.