పెరట్లో నారు గూడు

కుప్పంలో 1990ల చివర భారీ పెట్టుబడితో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం వచ్చింది. పెరట్లో నారు పెంచే వల గూటికి అంత పెట్టుబడి అక్కర్లేదు.

మదనపల్లె మార్కెట్టుకు చేరే టమాటాకు నారే ప్రాణం. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ ఆ లేత మొక్క మీదే ముందు వాలుతుంది. దాన్ని ఆపడానికే ఈ గూడు.

6 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు చాలు. వెదురు బద్దలను విల్లులా వంచి, రెండు కొసలూ గట్టిగా పాతండి. మనిషి వంగి వెళ్లేంత ఎత్తుండాలి. గూడంతటికీ 40 మెష్ నైలాన్ వల కప్పి, అంచులు జానెడు లోతున మట్టిలో పూడ్చండి. గుమ్మం దగ్గర వల రెండు పొరలుగా వేలాడాలి. దోమ దూరేది అక్కడే. ఉత్త షేడ్‌నెట్‌ను నమ్ముకోకండి, దాని కన్నులు పెద్దవి. ఎండలు ముదిరితే వల పైన 50 శాతం షేడ్‌నెట్ పరచండి. చలిదేశాల్లోలా పాలిథిన్‌తో మూసేస్తే మన ఎండకు నారు ఉడికిపోతుంది. జోరువానలప్పుడు పాలిథిన్‌ను కప్పు మీద మాత్రమే వేయండి.

కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో గుంటకో విత్తనం వేయండి. పేడ ఎరువు బాగా మాగినదైతేనే కలపండి. సుమారు 25 రోజులకు నారు అందుతుంది. నాటడానికి వారం ముందు షేడ్‌నెట్ తీసి, నీళ్లు తగ్గించండి. నైలాన్ వల మాత్రం నారు పొలానికి వెళ్లేదాకా విప్పొద్దు.