అరచేయి సుత్తి కాదు



మన సంఘమున కాగితములతో పనిచేయువారును, వర్క్‌షాపులలో పనిముట్లతో శ్రమించువారును గలరు. ఈ ప్రసంగము ముఖ్యముగా రెండవవారి చేతులను గూర్చినది.

బిగిసిన బోల్టు కదలనప్పుడు స్పానరును అరచేతి మొదలుతో మోదుట పలువురకు అలవాటు. చేతికి రక్తమును తెచ్చు ధమనులు ముఖ్యముగా రెండు: బొటనవ్రేలి వైపున రేడియల్, చిటికెనవ్రేలి వైపున అల్నార్. ఈ రెండవది అరచేతిలో ప్రవేశించుచోట చర్మమునకు మిక్కిలి చేరువగా నుండును. దాని చెంతనే హామేట్ అను ఎముకకు కొక్కెమువంటి కొన కలదు. అరచేతితో కొట్టినపుడెల్ల ఆ కొక్కెము దాగలి యగును. ధమని నడుమ నలుగును. ఏండ్ల తరబడి ఇట్లు జరిగిన లోపలిపొర చెడి రక్తము గడ్డకట్టవచ్చును. లేదా ధమని బుడగవలె ఉబ్బవచ్చును. గడ్డల తునుకలు వ్రేళ్ళ సన్నని నాళములలో చిక్కుకొనును.

ఇట్టి రోగినొకని గూర్చి 1934లో ఫాన్ రోజెన్ వ్రాసెను. 1970లో కాన్, ఆయన సహచరులు దీనికి హైపోథీనార్ హ్యామర్ సిండ్రోమ్ అని పేరిడిరి.

ఉంగరపు వ్రేలు, చిటికెనవ్రేలు, ఒక్కొక్కప్పుడు నడిమివ్రేలు తెల్లబారి, చల్లబడి, తిమ్మిరెక్కి నొప్పిపెట్టును. బొటనవ్రేలికి సాధారణముగా బాధ యుండదు. ఉత్తరాదిన నున్న మనవారు దీనిని ‘ఇచటి చలి పడలేదు’ అని సరిపెట్టుకొనుట సులభము. కాని కేవలము చలికి వ్రేళ్ళు తెల్లబారు రేనో వ్యాధి తరచుగా రెండు చేతులకును వచ్చును. పనిచేయు చేతికి మాత్రమే వచ్చినచో అనుమానింపవలెను. వ్రేలికొనయందు మానని పుండు గాని, నల్లదనము గాని కనబడిన ఒక్కదినమైనను జాగు చేయరాదు.

వైద్యుడు మొదట ఆలెన్ పరీక్ష చేయును. పిడికిలి బిగింపజేసి, మణికట్టువద్ద రెండు ధమనులను నొక్కి, చేయి తెరిపించి, అల్నార్‌ను మాత్రము విడుచును. కొలది సెకండ్లలో అరచేయి ఎఱ్ఱబారనిచో ఆ మార్గమున అడ్డంకి యుండవచ్చును. డాప్లర్ స్కానింగు, అవసరమైన ఆంజియోగ్రామ్ దానిని నిర్ధారించును.

చికిత్సలో మొదటిది దెబ్బ మానుట. రెండవది బీడీ, సిగరెట్టు మానుట. చేతిని వెచ్చగా నుంచవలెను. నాళములను సడలించు మందులు, గడ్డకట్టుటను తగ్గించు మందులు వైద్యుడు నిర్ణయించును. పెక్కుమందికి ఇంతతోనే ఉపశమనము కలుగును. గడ్డ క్రొత్తదైనచో ఆసుపత్రిలో దానిని కరగించు ప్రయత్నము చేయవచ్చును. పుండ్లు మానకున్నను, ధమని ఉబ్బియున్నను, చెడినభాగమును తొలగించి సిరముక్కను అతుకు శస్త్రచికిత్స కలదు.

వైద్యుడు రోగిని వృత్తి యేమని అడుగవలెనని ఇటలీ వైద్యుడు రమజీని 1700లోనే తన గ్రంథమున బోధించెను. వైద్యుడడుగకున్నను మీరే చెప్పుడు: ‘నేను అరచేతితో కొట్టి పనిచేయుదును’ అని. ఆ యొక్కమాట వ్రేలిని నిలుపవచ్చును. గృహిణులారా, మీ యింటివారి వ్రేళ్ళ రంగును మీరును గమనింపుడు. సుత్తి పనిని సుత్తికే విడిచిపెట్టుదము.