టెలిఫోను లెక్కల విపణియు, మన యువకులును

(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



వికారాబాదు, తాండూరు ప్రాంతముల మన సంఘీయులు ఏటేట కూడు ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వర్తకమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుకొనుట ఆచారము. ఈ యేడు మాకు ఏర్పఱచిన విషయము క్రొత్తది. టెలిఫోను కంపెనీల పనులను నడపి, వాని లెక్కలు కట్టి, బిల్లులు వ్రాయు సాఫ్ట్‌వేరును గూర్చియు, ఆ సాఫ్ట్‌వేరు అమ్ముడుపోవు విపణిని గూర్చియు ప్రసంగింపవలయునని కార్యవర్గమువారు కోరినారు. కందులును, నాపరాళ్లును అమ్ముకొను మనకు దీనితో పని యేమి యని కొందఱు పెద్దలు అనుకొనవచ్చును. పని యున్నదనియే మా మనవి. ఏలయన, ఈ విపణియందు అమ్ముడుపోవు సరకు నమ్మదగిన లెక్క. నమ్మదగిన లెక్కతోనే మన పూర్వులు బ్రదికినారు.

ముందుగా ఈ పని యెట్టిదో చూతము. తాండూరు మార్కెట్టు యార్డునకు రైతు కందులు తెచ్చిన దినమున జరుగు క్రమము మనమందఱము ఎఱిగినదే. సరకునకు ధర పలుకుదురు. దడ్వాయి తూచును. తూకము చీటీ కెక్కును. అడితిదారుని గుమాస్తా తూకమును ధరతో హెచ్చవేసి, ఖర్చులు తీసి, తక్‌పట్టీ వ్రాసి యిచ్చును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట చిట్టాను ఆవర్జాతో సరిచూచి నిలువ తేల్చును.

టెలిఫోను లెక్కయు ఇట్టిదే. ఒకరు మాటాడి ముగింపగనే ఎక్స్చేంజి యంత్రము ఒక పద్దు వ్రాయును: ఎవరు పిలిచిరి, ఎవరిని పిలిచిరి, ఎన్ని గంటలకు పిలిచిరి, ఎన్ని సెకండ్లు మాటాడిరి. ఈ పద్దును సీ.డీ.ఆర్. అందురు. ఇది దడ్వాయి చీటీ వంటిది. వేర్వేఱు యంత్రములు వేర్వేఱు తీరుల వ్రాసిన చీటీలను ప్రోగుచేసి, రెండుమాఱులు వచ్చినవానిని ఏఱివేసి, ఒక్క రీతికి తెచ్చుట మీడియేషన్. చీటీకి ధర కట్టుట రేటింగు. నెలకొకమాఱు మొత్తము కూడి, పన్ను చేర్చి, చందాదారునకు పంపుట బిల్లింగు. ప్రీపెయిడు సిమ్ముకు ఇంత వ్యవధి లేదు. మాట సాగుచుండగనే నిలువ చూచి తగ్గించుచు పోవలయును. ఇవన్నియు వ్యాపారపక్షపు పనులు. వీనిని నడపు సాఫ్ట్‌వేరును బీ.ఎస్.ఎస్. అందురు. క్రొత్త కనెక్షను కలుపుట, తీగలు టవర్లు మున్నగువాని జాబితా ఉంచుట, లైను చెడినదని వచ్చిన ఫిర్యాదును మరమ్మతు చేయువానికి అందించుట నిర్వహణపక్షపు పనులు. వానిని నడపునది ఓ.ఎస్.ఎస్.

మన దేశమున టెలిఫోను కనెక్షనులు నేడు సుమారు 120 కోట్లు. యార్డులో ఒక చీటీ తప్పిన ఒక్క రైతుకో, ఒక్క అడితిదారునకో నష్టము. ఇక్కడ ధరపట్టికలో ఒక్క అంకె తప్పిన కోట్లకొలది జనుల వద్ద పైసలు అన్యాయముగా కోతపడును, లేదా కంపెనీ సొమ్ము ఎవరికిని తెలియకుండ కారిపోవును. ధరలును ఒక్కచోట నిలుచునవి కావు. 2009లో టాటా డొకోమో సెకండునకు ఒక పైసా చొప్పున తీసికొనుట మొదలుపెట్టగా, నిమిషముల లెక్కకు అలవాటుపడిన కంపెనీలు సెకండ్ల లెక్కకు దిగవలసివచ్చెను. 2017 జూలై 1వ తేదీన జీ.ఎస్.టీ. వచ్చినపుడు, అర్ధరాత్రి దాటగనే నూటికి 15 వంతుల పన్ను 18 వంతులైనది. ఒక కంపెనీ చందాదారుడు వేఱొక కంపెనీవానితో మాటాడినపుడు మొదటి కంపెనీ రెండవదానికి నిమిషమునకు చెల్లించు రుసుము 2017 అక్టోబరులో 14 పైసల నుండి 6 పైసలకు దిగి, 2021 జనవరి 1 నుండి పూర్తిగా తొలగినది. 2024 డిసెంబరులో ట్రాయి, అనగా టెలికాం నియంత్రణ సంస్థ, ఇంటర్నెట్టు అక్కఱలేని వారికొఱకు మాటలకును సందేశములకును మాత్రమే చెల్లు రీఛార్జిని ప్రత్యేకముగా ఇయ్యవలయునని శాసించినది. ఇట్టి ప్రతి మార్పునకును ఎవరో ఒకరు కూర్చుండి సాఫ్ట్‌వేరును మార్చి, పాత లెక్కతో సరిచూచి, సరియని చెప్పవలయును. ఈ విపణి బ్రదుకునది ఈ పనిమీదనే.

ఇక విపణి స్వరూపము. 1982లో ఇస్రాయేలు దేశమున టెలిఫోను డైరెక్టరీల సాఫ్ట్‌వేరుతో పుట్టిన ఆమ్‌డాక్స్ అను సంస్థ నేడు ఈ రంగమున పెద్ద అంగళ్లలో ఒకటి. ఎరిక్సన్, ఒరాకిల్, నెట్‌క్రాకర్ మఱికొన్ని. వీని చరిత్రయందు మనము నేర్వదగిన కథ కెనాన్ అను బిల్లింగు సాఫ్ట్‌వేరుది. కెనాన్ షాహిన్ అను తుర్కీ దేశజాతుడు అమెరికాలో స్థాపించిన సంస్థ దానిని తయారుచేసినది. 1999లో లూసెంట్ కంపెనీ ఆ సంస్థను సుమారు 148 కోట్ల డాలర్లకు కొన్నది. టెలికాం రంగము కుంగిన పిమ్మట 2002లో సీ.ఎస్.జీ. అను సంస్థకు 30 కోట్ల డాలర్లకు మించని వెలకే అమ్మినది. 2005లో అది కామ్‌వర్స్ చేతికి పోయెను. 2015లో కామ్‌వర్స్ వారి బిల్లింగు వ్యాపారమునంతయు ఆమ్‌డాక్స్ కొన్నది. పదునాఱు సంవత్సరములలో యజమానులు నలుగురు మాఱిరి. వెల అయిదింట ఒక వంతునకు పడినది. ఐనను దానితో బిల్లులు వ్రాయు కంపెనీలు ఒక్కమాఱుగా దానిని విడువలేదు. ఏలయన, నడచుచున్న ఆవర్జాను నడుమ తీసివేసి వేఱొకటి పెట్టుట ఏ వర్తకునకును సులభము గాదు. వాటాలు కొన్నవారు లాభనష్టములు పొందిరి. ఆ లెక్క లోతు తెలిసిన పనివారి అక్కఱ మాత్రము తీఱలేదు. మూలధనము కంటె విద్య నిలుకడయైన ఆస్తి యనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్య మేల?

మన దేశమున ఈ విపణి పోకడ వేఱు. 2004లో ఎయిర్‌టెల్ సంస్థ తన కంప్యూటరు పనులను పదియేండ్లకు ఐ.బీ.ఎం.కు అప్పగించినది. 1992లో బెంగుళూరున పుట్టిన సుబెక్స్ అను సంస్థ, కారిపోవుచున్న ఆదాయమును పట్టియిచ్చు సాఫ్ట్‌వేరుతో పేరుపొంది, 2006లో ఇంగ్లండులోని అజ్యూర్‌ను, 2007లో కెనడాలోని సిండెసిస్‌ను కొన్నది. పిదప విదేశీ ఋణపత్రముల భారమున చాలకాలము చిక్కుపడినది. పరుల సొమ్ముతో అంగడి పెంచు వర్తకులు ఈ ముక్క గుర్తుంచుకొనదగును. ఒకప్పుడు పదికి మించియున్న మన టెలిఫోను కంపెనీలలో, 2012 ఫిబ్రవరిలో 122 లైసెన్సులను సుప్రీంకోర్టు రద్దుచేయుట చేతను, 2016లో జియో రాక చేతను, 2018లో వొడాఫోన్, ఐడియాలు ఏకమగుట చేతను, నేడు ప్రధానముగా నాలుగే మిగిలినవి. కొనువారు తగ్గిన కొలది అమ్మువారికి బేరము కష్టము. కావున ఈ రంగమున ఉద్యోగములు రాసులుగా పడియున్నవని మేము చెప్పము. అట్లు చెప్పి రుసుములు గుంజు శిక్షణాలయములను నమ్మవలదని మాత్రము తల్లిదండ్రులను హెచ్చరించుచున్నాము.

ఈ విద్య మన తెలుగునేలకు పరాయిది గాదు. డాట్‌సాఫ్ట్ అను సాఫ్ట్‌వేరును ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ ఉద్యోగులే వ్రాసినారు. క్రొత్త కనెక్షను దరఖాస్తు, బిల్లు, జమ, లైను మరమ్మతు ఫిర్యాదు, డైరెక్టరీ విచారణ, అన్నియు ఒక్క కప్పు క్రిందికి అది తెచ్చినది. ఇతర రాష్ట్రముల టెలిఫోను జిల్లాలును దానిని వాడుకొన్నవి. తరువాత బీ.ఎస్.ఎన్.ఎల్. సంస్థ దేశమును నాలుగు మండలములుగా విభజించి సీ.డీ.ఆర్. పద్ధతి బిల్లింగు పెట్టినపుడు, దక్షిణ మండలపు కేంద్రము హైదరాబాదుననే వెలసెను. హైదరాబాదున పనిచేయు మెగాసాఫ్ట్ సంస్థ ప్రీపెయిడు లెక్కల వ్యాపారమునకై 2007లో అమెరికాలోని బోస్టన్ కమ్యూనికేషన్స్ గ్రూపును కొన్నది.

ఇక్కడనే ఒక చేదు నిజమును చెప్పక తప్పదు. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి తమ లెక్కలు కల్లలని ఒప్పుకొన్నారు. లోకమునకు లెక్కలు కట్టిపెట్టు ఊరు తన లెక్క తప్పినదని నలుగురు నవ్విరి. ఆ సంస్థను చేపట్టి, 2013లో తనలో కలుపుకొన్నది టెక్ మహీంద్రా. అది 1986లో బ్రిటిష్ టెలికాం పొత్తుతో పుట్టిన సంస్థ. వేలకొలది ఉద్యోగులు ఆ చేయూతతో నిలిచినారు. నమ్మకము పోయిన అంగడికి సరకెంత యున్నను గిరాకి యుండదని మన పెద్దలు చెప్పుమాట సాఫ్ట్‌వేరు అంగడికిని చెల్లును.

లెక్క యొక్క గౌరవమును చాటు ఉదాహరణము ఇంకొకటి కలదు. ప్రభుత్వమునకు వాటా ఇచ్చుటకు కంపెనీ రాబడిలో ఏ పద్దు చేరును, ఏ పద్దు చేరదు అను వివాదము ఏండ్లకొలది సాగి, 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పినది. కంపెనీల మీద పడిన బాకీ 1 లక్షా 47 వేల కోట్ల రూపాయలని ప్రభుత్వము లెక్క తేల్చినది. ఒక పద్దును ఏ ఖాతాలో వ్రాయవలెనను ప్రశ్న పెద్దపెద్ద కంపెనీల ప్రాణములమీదికి వచ్చినది!

ఇప్పుడు మన ఊళ్ల మాట. సెల్‌ఫోనులు వచ్చిన తొలినాళ్లలో మన కిరాణా అంగళ్లలో రీఛార్జి కాగితములు దండలుగా వ్రేలాడుచుండెను. పిదప కాగితము పోయి, అంగడివాని ఫోను నుండియే సొమ్ము ఎక్కించుట వచ్చెను. నేడు చందాదారుడు తన ఫోనుననే తాను చెల్లించుకొనుచున్నాడు. అంగడివానికి ముట్టుచుండిన చిల్లర కమిషను అంగడి విడిచి సాఫ్ట్‌వేరు ఇంటికి చేరినది. దీనికి వగచి ఫలము లేదు. 1874లో సికిందరాబాదు నుండి వాడికి రైలుమార్గము ఈ ఊళ్ల మీదుగా పడినపుడు బండ్లమీది బాడుగ తగ్గినది. రైలు రశీదు చదువనేర్చిన వర్తకుడు నిలిచినాడు. అట్లే కమిషను పోయినచోటికి మన పిల్లల చదువు పోవలయును.

కొనువాని పక్షమును మఱువరాదు. నాపరాతి గనిలో పనిచేయు కూలివాడు చెమటోడ్చి వేయించుకొన్న రీఛార్జి, అడుగని పాటకో, ఎఱుగని సేవకో కోతపడినచో ఎవరితో చెప్పుకొనును? ఇట్టి మొఱలు దేశమంతట వినబడగా, 2013లో ట్రాయి, అదనపు సేవ ఏదైనను చందాదారుడు రెండుమాఱులు సమ్మతి తెలిపినపుడే మొదలుపెట్టవలయునని ఆదేశించినది. అంతకుముందే, 2006 నాటి నియమావళి ప్రకారము, కంపెనీల బిల్లింగును ఆడిటర్లు ఏటేట తనిఖీ చేయు ఏర్పాటు జరిగినది. చార్టర్డ్ అకౌంటెన్సీ చదువుచున్న మన బిడ్డలు ఈ మార్గమును గమనింతురుగాక. జమాఖర్చును, కంప్యూటరు పద్దుల పట్టికను రెండింటిని చదువగలవాడు ఈ రంగమున అరుదు, అరుదైనదానికే వెల.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది: మన నిధి నుండి ఇచ్చు విద్యార్థివేతనములలో కొన్నింటిని, కామర్సుతోపాటు డేటాబేసు విద్య నేర్చు బాలబాలికల కొఱకు ప్రత్యేకింపవలయును. కల్యాణమండపమునకు చాచు చేతిని దీనికిని చాచుడని పోషకులను ప్రార్థించుచున్నాము. రెండవది: హైదరాబాదున ఇట్టి కొలువులలోనున్న మన యువకులు నెలకొక ఆదివారము రైలెక్కి వచ్చి, వికారాబాదున ఒకమాఱు, తాండూరున ఒకమాఱు, ఉచితముగా పాఠములు చెప్పవలయును. కూలి రేట్లు, కందుల ధరలు, పన్నులు ఉదాహరణములుగా తీసికొని లెక్కించు పద్ధతి నేర్పిన చాలును. పెద్ద యంత్రములు అక్కఱలేదు. మూడవది: ఆ పాఠములకు అన్ని కులముల పిల్లలను రానిండు. లెక్కవిద్య ఏ యొక్కరి సొత్తును గాదు. పంచుకొన్నంత మాత్రమున మన పాలు తఱుగదు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక సూచిక లభించినది. ఈ నేల పంటకు ఈ నేల పేరే గౌరవము తెచ్చినది. అట్లే, ఎచ్చటి కంపెనీలోనైనను లెక్క సరిగానున్నదా యని సందేహము వచ్చినపుడు, వికారాబాదు, తాండూరు బిడ్డ చూచినాడు, చూచినది అని నిశ్చింతగా ఉండు దినము రావలయును. ఆ దినమునకు విత్తనము ఈ సభలోనే పడుగాక యని కోరుచున్నాము.