మారని లేఖనం, మాట తప్పని సంఘం

లేఖనం మారదన్న విశ్వాసం మీద క్రైస్తవ సంఘం నిలిచి ఉంది. యెషయా 40వ అధ్యాయం, మత్తయి 24వ అధ్యాయం ఆ సంగతిని సూటిగా చెబుతాయి. లేఖనానికి ఏమీ కలపవద్దనీ, అందులోంచి ఏమీ తీసివేయవద్దనీ ద్వితీయోపదేశకాండం నాలుగో అధ్యాయం కట్టడి చేస్తుంది. 1947 ప్రాంతంలో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట, అప్పటిదాకా చేతిలో ఉన్న హీబ్రూ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్లు పాతది. అక్షరక్రమంలో, అక్కడక్కడ పాఠంలో తేడాలున్నా ప్రవక్త సందేశం చెక్కుచెదరలేదు.

దాన్ని వినిపించే భాష మాత్రం మారుతూ వచ్చింది. 1726లో మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు ఆనందరాయర్ సాయంతో తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. తరువాత సవరణలు జరిగాయి, వాడుక భాషలో కొత్త అనువాదాలూ వచ్చాయి. చదివేవారికి అర్థమయ్యేలా తిరగరాస్తే లేఖనం మారినట్టు కాదు. గుడిలో చదివేది ఒకటి, సంఘం నడిచేది మరొకటి అయినప్పుడే అసలు ముప్పు.

ఆ ముప్పు మొదటి తరంలోనే కనిపించింది. అంతియొకయలో యూదేతర విశ్వాసులతో ఒకే పంక్తిన భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటా నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఉన్న ఈ ఘటనలో పేతురు నమ్మిన సిద్ధాంతం మారలేదు. చూసేవాళ్లు మారితే నడత మారింది, అంతే. పౌలు దృష్టిలో అది సువార్తకే ద్రోహం.

తెలుగు నేలమీద ఇదే పరీక్ష 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను బడికి పంపబోమని పైకులాలవారు తేల్చిచెప్పారు. ఊరి పెద్దల ఆదరణ పోతే మిషన్ నిలవడమే కష్టమనిపించిన రోజులవి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు లోకం చులకన చేసినవారిని ఎన్నుకున్నాడన్న భాగం చదివి క్లౌ దంపతులు మాదిగల పక్షానే నిలిచారు.

రెండో పరీక్ష ఇంకా కఠినమైనది. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమను, ముఖ్యంగా నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో చేరి ఉన్న బళ్ళారి జిల్లాను, పీల్చి పిప్పి చేసింది. ఒంగోలు వైపు క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పనిచేసే చోట సువార్త ప్రకటన సాగింది, కాని బాప్తిస్మం కోరివచ్చినవారిని ఏడాదికి పైగా ఆపాడు. గింజల కోసం చేరారన్న మాట సువార్తకు అంటకూడదని ఆయన పట్టుదల. సాయం అవసరం తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. లెక్కలు పెంచుకునే అవకాశం చేతికందినా అంతకాలం నిగ్రహించుకోవడమే ఈ చరిత్రలో గొప్ప సంగతి.

రాయలసీమలో లండన్ మిషన్ నాటిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలాభాగం అప్పట్లో బయటే ఉండిపోయి, 1975లో చేరాయి. ఆరాధన క్రమంలో, అధికార వ్యవస్థలో భేదాలున్నవారిని ఒకచోట నిలిపింది విశ్వాసానికి లేఖనమే కొలమానమన్న అంగీకారం.

ఆ కొలమానం ఈనాటి పల్లె సంఘాన్నీ కొలుస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి ముందువరస, మాసిన బట్టలవాడికి గడప పక్కన చోటు ఇవ్వడాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం పాపమనే అంటుంది. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరుగా కూడుకునే చోట ఆ అధ్యాయాన్ని ఇబ్బంది పడకుండా చదవడం సాధ్యం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సిలో చేర్చారు. పిల్లవాడి చదువు కోసం కాగితం మీద మతం దాచుకునే పేదవాణ్ణి నిందించి ఊరుకుంటే సరిపోదు. అతని తరఫున న్యాయం అడగడమూ సంఘం పనే.

ముదిగుబ్బ, కదిరి మెట్ట పొలాల్లో వాన మొహం చాటేస్తే వేరుశనగకు పెట్టిన విత్తనం ఖర్చూ రాదు. బోరు వేస్తే దుమ్ము లేస్తుంది, అప్పు మిగులుతుంది. అలాంటి ఏడాదిలో, కానుక ఇస్తే బోరులో నీళ్లు పడతాయని బోధించడం లేఖనానికి కలపకూడనిది కలపడమే. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్లో పశువు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు మూడో అధ్యాయపు ప్రార్థన ఈ నేలకు బాగా తెలిసిన కష్టంలోంచి వచ్చింది. పంట బాగా పండిన ఏడాది కృతజ్ఞతారాధనలో ఏ దేవుణ్ణి ప్రకటించారో, పొలం బీడైన ఏడాదిలోనూ ఆ దేవుణ్ణే ప్రకటించాలి. అప్పులపాలైన ఇంటికి పాస్టరు, సంఘ పెద్దలు కానుకల పుస్తకం లేకుండా వెళ్లాలి.