దయ ఎవరి అలవాటు కావాలి?



చిన్న చిన్న మంచిపనులను రోజువారీ అలవాటు చేసుకోవాలని తరచుగా వింటుంటాం. మంచి మాటే. అయితే ఆ అలవాటు ఎవరికి కావాలన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

అందరూ తిన్నాక మిగిలింది తినడం, జ్వరమొచ్చిన వాళ్ళ పక్కన రాత్రంతా మేలుకోవడం స్త్రీలు తరతరాలుగా చేస్తున్నవే. వాటిని దయ అనలేదు, ఆడవాళ్ళ స్వభావం అన్నారు. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కనుక ఇంట్లో ఈ అలవాటు మొదట నేర్వవలసింది మగవాళ్ళు. తిన్న కంచం తానే కడుక్కోవడం భార్యకు చేసే సాయం కాదు, తన వంతు పని.

ఇక బయటికి వద్దాం. చీరల దుకాణంలో మనం కూర్చుని బేరం చేస్తాం. చీరలు పరిచి చూపించే అమ్మాయి గంటల తరబడి నిలబడే ఉంటుంది. "కూర్చుని చూపించమ్మా" అనడం దయే. కానీ మన మాట విని ఆమె కూర్చుంటే, మనం వెళ్ళాక యజమాని చేత మాటపడేది ఆమే. హక్కు తోడులేని దయ ఒక్కోసారి అవతలి మనిషినే ఇరకాటంలో పెడుతుంది.

కేరళలోని కోళికోడ్‌లో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఈ సంగతి గ్రహించారు. దర్జీ పని చేసే పి. విజి నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అనే సంఘంగా ఏర్పడ్డారు. మరుగుదొడ్డి కావాలని, పనివేళల్లో కూర్చునే హక్కు కావాలని పోరాడారు. వాళ్ళడిగింది జాలి కాదు, ఒక స్టూలు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు కల్పించింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టం చేసింది.

చట్టం వచ్చినంత మాత్రాన దుకాణంలోకి స్టూలు దానంతటదే నడిచి రాదు. అడిగేవాళ్ళుండాలి. కొనడానికి వెళ్ళినవాళ్ళ మాటను యజమాని అంత తేలిగ్గా తీసిపారేయలేడు. అందుకే ఆ అమ్మాయితో పాటు యజమానితోనూ మాట్లాడదాం. "వీళ్ళు కూర్చోవడానికి ఏం ఏర్పాటు చేశారండీ?" అని వెళ్ళిన ప్రతి దుకాణంలో అడుగుదాం. దీనికి డబ్బు ఖర్చు లేదు, అరనిమిషం చాలు. మనం అలవాటు చేసుకోవలసిన దయ ఇలాంటిది.