డ్రమ్ముల మోతలో జడ్జి గొంతు

ఏరువాక పున్నమికి రాయచూరులో మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు హబ్బలో ఎద్దుల బండలాగుడు పోటీలే కాదు, జానపద బృందాల ఊరేగింపూ చూసే ఉంటారు. నడుస్తూ లయ తప్పకుండా డోలు కొట్టడం ఎంత కష్టమో మనకు తెలుసు. అమెరికాలో ఆ విద్యకు పెద్ద పోటీలున్నాయి. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ తొలి ఛాంపియన్‌షిప్ 1972లో జరిపింది. అప్పట్లో దొరికిన ప్రతి తప్పుకూ మార్కులో పదోవంతు కోసేవారు. 1984లో ఆ పద్ధతి పోయింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ పోటీల జడ్జీల క్యాసెట్లే. తాళవాద్యాల జడ్జి టేపురికార్డరుతో మైదానంలోకే దిగేవాడు. కదిలే వరుసల పక్కనే నడుస్తూ, ఎడమచేతి దెబ్బ ఎక్కడ పలచబడిందో, ఎవరు లయకన్నా ముందుకు ఉరికారో, ఏ ముక్తాయింపు అద్భుతంగా పలికిందో అక్కడికక్కడే చెప్పేవాడు. ఆ మాటల వెనక డ్రమ్ముల మోతా రికార్డయ్యేది. తర్వాత క్యాసెట్ జట్టుకు అందేది. ఎన్ని మార్కులు తగ్గాయో కాగితం చెబుతుంది; ఏ దెబ్బ దగ్గర తగ్గాయో ఆ గొంతే చెప్పగలదు. ఇప్పుడు క్యాసెట్ల స్థానంలో డిజిటల్ రికార్డింగులు వచ్చాయి.

మన డప్పు పోటీల నిర్ణేతల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వాళ్లూ ఇలా మాట్లాడి, ఆ రికార్డింగు పిల్లలకు ఇవ్వాలని నా కోరిక.